పచ్చ అంటే ఏ పచ్చ?

(చెన్నై టి.నగర్‌లో తెలుగు చిన్న వ్యాపారులు, కామర్స్ విద్యార్థుల కోసం జరిగిన సమావేశంలో ప్యాకేజింగ్ రంగంలో పనిచేసే ఒకరు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం ఉస్మాన్ రోడ్డు రద్దీని దాటుకొని ఇంతమంది వచ్చారు. చాలా సంతోషంగా ఉంది. ముందు వరుసలో మసాలా పొడులు, పచ్చళ్లు తయారుచేసేవాళ్లు కూర్చున్నారు. వెనుక కాలేజీ పిల్లలు ఉన్నారు. మీ ఇద్దరికీ పనికొచ్చే విషయంతోనే మొదలుపెడతాను.

పదిహేనేళ్ల కిందటి మాట. నెల్లూరు వైపు నుంచి వచ్చి మాధవరంలో అప్పడాల తయారీ పెట్టుకున్న దంపతులు ఉండేవారు. మొదటి రెండేళ్లు రంగు లేని ప్లాస్టిక్ కవరులో చీటీ పెట్టి అమ్మారు. చేతిలో కొంచెం డబ్బు ఆడగానే అచ్చు వేసిన కవరు చేయించాలనుకున్నారు. భర్త ప్రెస్సుకు ఫోన్ చేసి, "కవరు మంచి పచ్చగా ఉండాలి, శుభంగా కనిపించాలి" అని చెప్పారు. ప్రెస్సు యజమాని తమిళుడు, తెలుగు బాగానే అర్థమవుతుంది. వారం తిరిగేసరికి 20 వేల కవర్లు వచ్చాయి. అన్నీ ఆకుపచ్చ.

ఈయన అడిగింది పసుపుపచ్చ. ఆయన విన్నది ఆకుపచ్చ. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. తమిళంలో పచ్చై అంటే ఆకుపచ్చే. పసుపును వాళ్లు మంజళ్ అంటారు. మన తెలుగులో పచ్చ రెండు రంగులకూ సొంతం. పచ్చని పొలం అంటే ఒక రంగు, పచ్చకామెర్లు అంటే మరొక రంగు. గడపకు పూసిన పసుపు పచ్చగా మెరుస్తోందంటాం, ఆ గడపకు కట్టిన మామిడాకుల తోరణం కూడా పచ్చగా ఉందంటాం. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ఎవరూ పొరపడరు. ఆ మాట ప్రెస్సు గుమ్మం దాటేసరికి పొరపాటు జరిగిపోయింది.

అప్పుడు నన్ను పిలిచారు. భర్త, "వాడేద్దామండీ, రంగే కదా, లోపల అప్పడం బాగుంటే చాలు" అన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. "అంగట్లో మన పక్కన పెట్టే రెండు కంపెనీల అప్పడాలూ ఆకుపచ్చ కవర్లలోనే ఉన్నాయి. మనది కావాలనుకున్నవాళ్లు దేన్ని చూసి చెయ్యి చాపుతారు?" అని అడిగారు. ఆవిడ చదివింది ఎనిమిదో తరగతి. ఈ వృత్తిలో పెద్ద చదువులు చదివినవాళ్లను చాలామందిని చూశాను. రంగు గురించి ఇంత సూటిగా అడిగినవాళ్లు తక్కువ.

కంపెనీలు రంగును ఎలా ఎంచుకుంటాయి అని ఎవరైనా అడిగితే నాకు ఆవిడ ప్రశ్నే గుర్తొస్తుంది. కొనేవారి చెయ్యి దేన్ని చూసి చాచుకుంటుంది?

చెన్నైలో దీన్ని తెల్లవారుజామునే చూడవచ్చు. మా వీధి చివర ఆవిన్ పాల బూత్ ఉంది. అక్కడ పది నిమిషాలు నిలబడి వినండి. పాల పేరు పలికేవారు దాదాపు ఉండరు. "రెండు నీలం, ఒక ఆరంజు" అంటారు. నీలం ప్యాకెట్టు టోన్డ్ పాలు, వెన్న 3 శాతం. ఆకుపచ్చది స్టాండర్డైజ్డ్, 4.5 శాతం. ఆరంజుది ఫుల్ క్రీమ్, 6 శాతం. తర్వాత 3.5 శాతంతో ఊదా ప్యాకెట్టు వచ్చింది. ఈ అంకెలు ప్యాకెట్టు మీద అచ్చు వేసే ఉంటాయి. ఉదయం అయిదున్నరకు, కళ్లజోడు లేకుండా, తడిచేత్తో పాలు అందుకునే మనిషి వాటిని చదవరు. కాఫీకి ఒక రంగు, పెరుగు తోడుపెట్టడానికి ఒక రంగు, పాయసం చేసే రోజుకు మరో రంగు అని లెక్క పెట్టుకుంటారు. ఊళ్లో ఎన్ని భాషల వాళ్లున్నా ఆ బూత్ దగ్గర అందరిదీ ఒకటే భాష.

మా ఇంట్లో వంటకు సాయం చేసే అమ్మ శ్రీకాకుళం జిల్లా నుంచి ఇరవై ఏళ్ల కిందట ఇక్కడికి వచ్చింది. తెలుగు గానీ తమిళం గానీ చదవలేదు. సరుకులన్నీ ఆమే తెస్తుంది, ఒక్కటీ తప్పదు. ఉప్పు, టీపొడి, సబ్బు, నూనె, ప్రతిదానికీ ఒక రంగు గుర్తు ఉంది. కొన్నేళ్ల కిందట ఒక మసాలా పొడుల కంపెనీ తన కవర్లన్నీ మార్చింది. అంతకుముందు కారానికి ఎరుపు, ధనియాల పొడికి ఆకుపచ్చ, పసుపుకు పసుపుపచ్చ ఉండేవి. ఖరీదుగా కనిపించాలని అన్నింటినీ ఒకే నలుపు చేసి, పేరును మాత్రం సన్నని బంగారు అక్షరాలతో వేశారు. ఆమె కారం అనుకొని ధనియాల పొడి తెచ్చింది. మళ్లీ వెళ్లి మార్చుకొని జీలకర్ర పొడి తెచ్చింది. మూడోసారి బయలుదేరేటప్పుడు ఖాళీ అయిన పాత కవరును కొంగులో కట్టుకొని పోయింది, అంగట్లో చూపించి అడగడానికి. ఇరవై ఏళ్లుగా ఎవరి సాయమూ లేకుండా నడుపుకొంటున్న పనిలో ఆమెను ఆ కంపెనీ ఒక్క రోజులో చదువురాని మనిషిని చేసేసింది. నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఆ కవరును ఆమోదించిన గదిలో కూర్చున్నవాళ్లందరికీ చదవడం వచ్చు. వాళ్లకు ఆ కవరు అందంగానే కనిపించి ఉంటుంది.

ఇక మీలో చాలామంది ఇంటర్నెట్‌లో ఒక పట్టిక చూసే ఉంటారు. ఎరుపు అంటే ఉత్సాహం, నీలం అంటే నమ్మకం, ఆకుపచ్చ అంటే ఆరోగ్యం, ఊదా అంటే రాజసం. విద్యార్థులు దాన్ని ప్రాజెక్టుల్లో దించేస్తారు. కొత్తగా కంపెనీ పెట్టేవాళ్లు దాన్ని తెచ్చి నా ముందు పెడతారు. ఆ పట్టికను పక్కన పెట్టమని నేను గట్టిగా చెబుతాను.

బట్టల సబ్బు పొడినే తీసుకోండి. సర్ఫ్ మన దేశానికి 1959లో వచ్చింది, దాని రంగు నీలం. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ తన ఇంటి దగ్గరే పొడి కలిపి సైకిల్ మీద తిరిగి అమ్మడం మొదలుపెట్టారు. అది నిర్మా, దాని పొడి పసుపుపచ్చ. నిర్మాను ఎదుర్కోవడానికి 1980లలో హిందుస్థాన్ లీవర్ వీల్‌ను తెచ్చింది, అది ఆకుపచ్చ. మూడూ కోట్ల ఇళ్లలోకి వెళ్లాయి. శుభ్రతకు పుట్టుకతోనే ఒక రంగు ఉంటే ఈ మూడింటిలో రెండు ఓడిపోయి ఉండాలి. నిర్మా పసుపు శుభ్రతకు గుర్తని ఎవరూ కొనలేదు. పక్కనున్న నీలం కాదని తెలిసేలా ఉంది, ధర తక్కువ. తర్వాత ఏళ్ల తరబడి ఆ పసుపు మారకుండా ఉండటంతో, పసుపు పొడి అంటే నిర్మా అయింది.

బ్యాంకులు నీలం వాడేది నమ్మకం కోసమే అంటారు. స్టేట్ బ్యాంక్ 1971లో తెచ్చిన నీలి వృత్తం గుర్తు, మధ్యలో తాళంచెవి రంధ్రంలాంటి ఖాళీ, మన అందరికీ తెలుసు. అది నమ్మకంగా కనిపిస్తుంది, నిజమే. ఆ నమ్మకం నీలం తెచ్చింది కాదు. ఊరూరా ఉన్న శాఖలు, సమయానికి అందిన పింఛన్లు దాన్ని ఆ నీలానికి తెచ్చిపెట్టాయి. ఐసీఐసీఐ నారింజ రంగుతోనూ, కోటక్ ఎరుపుతోనూ డిపాజిట్లు తీసుకుంటూనే ఉన్నాయి. ఫేస్‌బుక్ నీలం గురించి కూడా పెద్ద వ్యాఖ్యానాలు రాస్తారు. జుకర్‌బర్గ్‌కు ఎరుపు, ఆకుపచ్చ సరిగా తేడా తెలియవు, నీలమే బాగా కనిపిస్తుంది. ఆ సంగతి ఆయనే చెప్పారు.

రంగుకు అర్థమే లేదని నేను అనడం లేదు. ఉంటుంది, అది ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. మంజప్పై సంగతి ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. అదే, పసుపుపచ్చ గుడ్డ సంచి. బట్టల దుకాణాలు పేరు అచ్చు వేయించి ఇచ్చేవి, పెళ్లిళ్లలో తాంబూలం అందులోనే పెట్టేవారు. ప్లాస్టిక్ సంచి రాగానే ఆ పసుపు సంచి పట్టుకున్నవాణ్ణి పల్లెటూరి వాడనడం మొదలైంది. తమిళనాడులో 2019 జనవరి నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను నిషేధించారు. 2021 డిసెంబరులో ప్రభుత్వమే మళ్లీ మంజప్పై వాడమని ఉద్యమం ప్రారంభించింది. ఈరోజు అదే సంచి భుజాన వేసుకున్న కాలేజీ అమ్మాయిని పర్యావరణం పట్టించుకునే మనిషిగా చూస్తున్నారు. పసుపు మారలేదు. ఒకే తరం ఆ రంగులో మూడు అర్థాలు చూసింది. ఆకుపచ్చ అంటే ఆరోగ్యం అనేవాళ్లు ఒకసారి పురుగుమందుల డబ్బా చూడాలి. దాని మీద విషం తీవ్రతను బట్టి ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులు ఉంటాయి. ఆకుపచ్చ ఉన్నదీ విషమే, తీవ్రత తక్కువ, అంతే.

ఇక్కడ మన తెలుగువారి ఉదాహరణ ఒకటి చెప్పకుండా ముందుకు పోలేను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. తర్వాత అది మద్రాసుకు వచ్చింది. మైలాపూరులో ఆయన పేరున పార్కు ఉంది, మీలో కొందరు పొద్దున్నే అక్కడ నడుస్తూ ఉంటారు. మా తాతగారి దిండు కింద ఎప్పుడూ అమృతాంజనం సీసా ఉండేది. చిన్న గాజు సీసా, లోపల పసుపుపచ్చ లేపనం. కరెంటు పోయినప్పుడు కూడా మూత తిప్పగానే వాసనతో తెలిసేది. వెలుగులో ఆ పసుపుతో తెలిసేది. సరుకు రంగే గుర్తు అయిందక్కడ. డబ్బా మీద వేసే రంగును ఎదుటివాడు కాపీ కొట్టగలడు. నుదుటికి రాసుకునే మందు రంగు నాలుగు తరాల జ్ఞాపకంలో ఉంటే దాన్ని కాపీ కొట్టి లాభం లేదు. మీరు తయారుచేసే వస్తువుకే ఒక మంచి సొంత రంగు ఉంటే, దాన్ని దాచే కవరు వేయకండి. మంచి పసుపుకొమ్ముల పొడి అమ్మేవాళ్లు పారదర్శకంగా చిన్న కిటికీ వదిలితే అంతకంటే మంచి ప్రకటన లేదు.

ఇప్పుడు రంగుకు పేరు పెట్టడం గురించి. ఈ హాలు నుంచి నాలుగు అడుగులు వేస్తే పట్టుచీరల దుకాణాలు. అక్కడ కౌంటరు ముందు కూర్చున్న మన ఆడవాళ్ల మాటలు వినండి. మెంతి రంగు, కనకాంబరం రంగు, ఉల్లిపొర రంగు, వంగపండు, నెమలికంఠం, చిలకపచ్చ, గచ్చకాయ రంగు. ఒక్కో మాటకు ఒక్కో కచ్చితమైన రంగు. డిజైన్ చదివినవాళ్లు లేత ఊదా, ముదురు ఊదా దగ్గర ఆగిపోతారు. ఎం.ఎస్.సుబ్బులక్ష్మిగారు కట్టే కాంచీపురం చీరల్లో ఒక నీలం ఉండేది. ఆమె కోసం ముత్తు చెట్టియార్ తయారుచేయించిన రంగు అది. ఎం.ఎస్. బ్లూ అని దానికి పేరే పడిపోయింది. ఇప్పటికీ దుకాణంలో ఆ పేరు చెప్పి అడిగితే తీసి చూపిస్తారు. ఒక మనిషి పేరును రంగు ఇంతకాలం మోయడం ఏ కంపెనీకైనా కలలాంటిది.

అయితే కనకాంబరం రంగు అని చెప్పి ప్రెస్సులో పని జరగదు. మా ఇంటి కనకాంబరం వేరు, మీ ఇంటి కనకాంబరం వేరు. ఈ చిక్కును తీర్చడానికే అమెరికాలో లారెన్స్ హెర్బర్ట్ 1963లో ప్యాంటోన్ రంగుల పద్ధతిని తెచ్చారు. ప్రతి రంగుకు ఒక సంఖ్య, ఆ సంఖ్యకు ఏ సిరా ఎంత పాళ్లలో కలపాలో లెక్క ఉంటుంది. విసనకర్రలా విచ్చుకునే పుస్తకం అది. శివకాశిలో తెరిచినా, షాంఘైలో తెరిచినా ఒకటే రంగు కనిపించాలి. టిఫనీ అనే నగల కంపెనీ తన డబ్బాల నీలానికి ప్రత్యేకంగా ఒక సంఖ్య పెట్టించుకుంది. 1837. ఆ కంపెనీ పుట్టిన సంవత్సరం.

ఇక్కడి నుంచి కొంచెం ప్రెస్సు లోపలికి వెళ్దాం. డబ్బు పోయేది, పరువు పోయేది అక్కడే కాబట్టి ఇది కొంచెం ఓపికగా వినండి.

మామూలుగా మనం చూసే రంగుల అచ్చంతా నాలుగు సిరాలతో జరుగుతుంది. లేత నీలం, ముదురు గులాబి, పసుపు, నలుపు. భూతద్దం పెట్టి చూస్తే చుక్కలు కనిపిస్తాయి. పసుపు చుక్కలూ గులాబి చుక్కలూ పక్కపక్కన పడితే కంటికి నారింజలా తోస్తుంది. కానీ ఆ నారింజ ఎప్పుడూ కాస్త మురికిగానే ఉంటుంది. మంచి నిండు నారింజ, మెరిసే ఊదా, లేతచిగురు పచ్చ, ఇవి నాలుగు సిరాల చుక్కలకు లొంగవు. వాటికి సిరాను ముందే కలిపి అయిదో రంగుగా వేయాలి. అంటే ఇంకొక ప్లేటు. పాల ప్యాకెట్టు, చిప్స్ కవరు లాంటివి గ్రావ్యూర్‌లో, అంటే చెక్కిన సిలిండర్లతో అచ్చు వేసే పద్ధతిలో వేస్తే ఇంకొక సిలిండర్, ఖర్చు ఇంకా ఎక్కువ. కాబట్టి రంగు ఎంచుకునే ముందే అడగండి. ఈ రంగు నాలుగు సిరాల్లో వస్తుందా, ప్రత్యేక సిరా కావాలా? రేపు అట్టపెట్టె మీద, విజిటింగ్ కార్డు మీద, ఆటో వెనుక రేకు మీద కూడా ఇదే రంగు వేయించగలనా? మెరుపు కాగితం మీద వెలిగే సిరా మామూలు కాగితంలో ఇంకిపోయి చప్పబడుతుంది. బూడిదరంగు అట్టపెట్టె మీద వేసిన పసుపు పసుపులా ఉండదు. పారదర్శకమైన ప్లాస్టిక్ మీద వేసేటప్పుడు కింద తెల్ల సిరా పొర వేయకపోతే లోపలి సరుకు రంగు పైకి కనిపిస్తుంది.

ఇప్పుడు కొత్తగా వచ్చిన తిప్పలు ఫోనులో ఆమోదాలు. డిజైనరు వాట్సాప్‌లో బొమ్మ పంపుతాడు, యజమాని కారులో కూర్చొని "బాగుంది, వేసేయండి" అంటారు. ఫోను తెర వెలుగుతో రంగు చూపిస్తుంది. కాగితం తన మీద పడిన వెలుగును తిప్పికొట్టి చూపిస్తుంది. రెండూ వేర్వేరు లోకాలు. రాత్రి పూట కళ్లకు హాయిగా ఉండాలని ఫోను తానే తెరను పసుపు చేసుకుంటుంది. అలాంటి తెర మీద చూసి లక్ష కవర్లకు సరే అనేస్తున్నారు. దయచేసి అలా చేయకండి. అసలు కవరు మీదే నమూనా అచ్చు వేయించి, చేత్తో పట్టుకొని, మీ సరుకు అమ్మే అంగడికి తీసుకెళ్లి, అరలో పెట్టి, రోడ్డు అవతల నుంచి చూడండి.

ఒకసారి శివకాశిలో టీపొడి డబ్బాల అట్ట అచ్చవుతుంటే దగ్గరుండి చూడటానికి వెళ్లాను. రాత్రి ఒంటిగంట అయింది. యంత్రం పక్కన ట్యూబ్‌లైటు వెలుగులో రంగు నమూనాతో అచ్చం సరిపోయింది. సంతకం పెట్టాను. పొద్దున్నే గెస్ట్‌హౌస్ బాల్కనీలో ఎండలో ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే ఒకటి ఇటుక ఎరుపు, మరొకటి గోధుమ వైపు వెళ్లిన ఎరుపు. రెండు వేర్వేరు సిరాల మిశ్రమాలు ఒక వెలుగులో ఒకేలా కనిపించి ఇంకొక వెలుగులో విడిపోతాయి. పుస్తకంలో చదివిన సంగతే. ఆ రాత్రి అలసటలో పగటి వెలుగులాంటి దీపం ఉండే, రంగు చూసే పెట్టె దగ్గరకు నాలుగు అడుగులు నడవలేదు. తప్పు నాదే. అప్పటికి సగం అచ్చు అయిపోయింది. ఆ నష్టంలో నా వంతు నేను కట్టాను. ఆరోజు నుంచి రంగు చూసే పెట్టె లేని ప్రెస్సులో సంతకం పెట్టను, రంగు తేడాను కొలిచే పరికరం లేకుండా పెద్ద పని ఒప్పుకోను. ఆ తేడాను డెల్టా ఈ అంటారు. కంపెనీ ముఖ్యమైన రంగుకు అది 2 దాటకూడదని మేం అడుగుతాం. అన్నింటికంటే ముఖ్యం, మూడు గడుల కార్డు. మధ్యలో అసలు రంగు, ఒక పక్క ఇంతకంటే లేత ఒప్పుకోం అన్న హద్దు, రెండో పక్క ఇంతకంటే ముదురు ఒప్పుకోం అన్న హద్దు. దాని మీద యజమాని సంతకం, తేదీ. ప్రెస్సుకు ఒకటి, మీకు ఒకటి. దాన్ని ఎండ తగలని చోట దాచాలి, ఏడాదికో ఏడాదిన్నరకో కొత్తది చేయించాలి. కార్డు కూడా వెలిసిపోతుంది.

వెలిసిపోవడం అంటే గుర్తొచ్చింది. మన ఊరి ఎండలో బడ్డీకొట్ల ముందు ఏళ్ల తరబడి అతికించి ఉన్న పోస్టర్లను చూశారా? అన్నీ నీలంగా మారి ఉంటాయి. మనుషుల ముఖాలు కూడా నీలమే. పసుపు, గులాబి సిరాలు ఎండకు ముందు పోతాయి, నీలం, నలుపు మిగులుతాయి. మీ గుర్తు ఎరుపో నారింజో అయితే, బోర్డుకు ఎండ తట్టుకునే సిరా కావాలని ముందే అడగండి. లేకపోతే రెండు వేసవులు గడిచేసరికి మీ బోర్డు వేరే కంపెనీదిలా కనిపిస్తుంది.

చట్టం గురించి రెండు మాటలే. మన ట్రేడ్ మార్క్స్ చట్టం 1999 నాటిది. గుర్తు అంటే ఏమిటో చెప్పేచోట రంగుల కలయికను కూడా చేర్చింది. 2003లో ఢిల్లీ హైకోర్టులో కోల్గేట్ వాళ్లు యాంకర్ మీద వేసిన కేసు పళ్లపొడి డబ్బా ఎరుపు, తెలుపుల గురించే. చదువురాని కొనుగోలుదారు కూడా రంగుల కలయికను, డబ్బా రూపాన్ని చూసి గుర్తుపడతాడన్న ఆలోచన ఆ తీర్పులో ఉంది. కోల్గేట్‌కు అనుకూలంగానే వచ్చింది. ఒంటరి రంగు మీద హక్కు సంపాదించడం మాత్రం చాలా కష్టం. అమెరికా సుప్రీంకోర్టు 1995లో ఇస్త్రీ యంత్రాల మీద పరిచే మెత్తల రంగు కేసులో, ఒక్క రంగు కూడా ట్రేడ్‌మార్కు కాగలదని ఒప్పుకుంది. అదే ఇంగ్లండులో 2013లో క్యాడ్‌బరీ తన ఊదారంగు కోసం చేసిన దరఖాస్తు అప్పీలు కోర్టులో నిలవలేదు. ఎదురు నిలిచింది నెస్లే. చిన్న వ్యాపారులు ఒక రంగును తమ సొంతం చేసుకోవాలని కోర్టు దాకా వెళ్లే ఆలోచన పెట్టుకోకండి. రెండు రంగుల జత, దానికి తోడు ఒక ఆకారం ఎంచుకోండి.

ఆకారం ఎందుకు అంటే, రంగులు అందరికీ ఒకేలా కనిపించవు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లు మనలో ఉన్నారు, ఆడవాళ్లలోకంటే మగవాళ్లలో చాలా ఎక్కువ. ఆహార పొట్లాల మీద శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమరంగు చుక్క ఉండేవి. ఆ రెండు రంగులూ కలిసిపోయి కనిపించేవాళ్లకు రెండూ ఒకటే. అందుకే తర్వాతి నిబంధనల్లో మాంసాహారం గుర్తును త్రికోణం చేశారు. ఒక చిన్న త్రికోణం ఎంతమంది శాకాహారుల భోజనాన్ని కాపాడిందో ఆలోచించండి. మీ కారం కవరుకు ఎరుపు పెట్టండి, దాని మీద మిరపకాయ బొమ్మ కూడా పెట్టండి. రంగు తెలియనివారికి బొమ్మ, అక్షరం తెలియనివారికి రంగు.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(వెనుక వరుస నుంచి ఒక విద్యార్థిని: పాత రంగు జనానికి బాగా అలవాటయ్యాక కంపెనీలు ఎందుకు మారుస్తాయి?)

మంచి ప్రశ్న అమ్మా. కొన్నిసార్లు తప్పదు. యజమాని మారితే రంగు మారుతుంది. హచ్ గులాబి రంగు గుర్తుందా? నీకు గుర్తుండదులే, మీ అమ్మగారిని అడుగు. 2007లో అది వొడాఫోన్ ఎరుపు అయింది. 2018లో ఐడియాతో కలిసింది, 2020లో వీ పేరుతో ఎరుపు, పసుపు వచ్చాయి. ఎయిర్‌టెల్ కూడా ఎరుపే కాబట్టి మధ్యలో చాలా ఏళ్లు ఒకే రీచార్జి అంగడి మీద రెండు ఎరుపు బోర్డులు పక్కపక్కన ఉండేవి. దూరం నుంచి ఏది ఏదో తెలిసేది కాదు. మిగతా సందర్భాల్లో నేను చూసినంతవరకు కొత్త మేనేజరు వచ్చి, రోజూ చూసి చూసి తనకు విసుగు పుట్టి మారుస్తారు. కొనేవారు నెలకు ఒకసారి చూస్తారు, వాళ్లకు విసుగు పుట్టదు. మార్చక తప్పకపోతే ముందు అక్షరాలు మార్చు, బొమ్మ మార్చు, రంగును చివరిదాకా ముట్టుకోకు.

(ముందు వరుస నుంచి ఒక వ్యాపారి: ఆ అప్పడాల కవర్లు 20 వేలు ఏమయ్యాయండీ?)

అడుగుతారనుకున్నాను. పారేయలేదు. ఆవిడే దారి చూపించారు. వాళ్లు మినప అప్పడాలతో పాటు పెసర అప్పడాలు కూడా కొద్దిగా చేసేవారు. పేరు మీద చీటీ అతికించి ఆ ఆకుపచ్చ కవర్లను పెసర అప్పడాలకు వాడారు. మినప అప్పడాలకు పసుపుపచ్చ కవరు కొత్తగా వేయించాం. ఈసారి ఫోన్ చేయలేదు. ఆవిడ ఇంట్లో గడపకు పూసే కొమ్ము పసుపును నూరి, తెల్ల కాగితం మీద పూసి, ఆరబెట్టి తెచ్చారు. దాన్ని ప్యాంటోన్ పుస్తకం పక్కన పెట్టి, కిటికీ దగ్గర వెలుగులో ముగ్గురం కూర్చొని సంఖ్య వెతికాం. ఒక గంట పట్టింది.

ఇప్పుడు కొత్వాల్ చావడి వైపు టోకు అంగళ్లలో వాళ్ల సరుకును మంజళ్ ఒకటి, పచ్చై ఒకటి అని అడుగుతారు. కంపెనీ పేరు ఎవరూ అడగరు. పోయిన సంక్రాంతికి వాళ్లింటికి వెళ్లాను. బీరువాలో బ్యాంకు పుస్తకాల కట్ట కింద, గుడ్డలో చుట్టి, ఆవిడ సంతకం పెట్టిన మూడు గడుల కార్డు ఉంది. దాంతో పాటే ఆ పసుపు పూసిన కాగితం కూడా దాచారు. కాగితం అంచులు చివికిపోయాయి, మధ్యలో రంగు మాత్రం ఇంకా ఉంది.